ఛాయాచిత్రములకు చిరునామా కల్పించిన అల్ఫాన్స్ బెర్టిలాన్

ఒక వస్తువు మన యింటిలో ఉండుట వేఱు. కావలసిన వేళకు అది చేతికి దొరకుట వేఱు. మన తల్లులు పోపుల పెట్టెలో ఆవాలకు, మెంతులకు, జీలకఱ్ఱకు వేర్వేఱు గిన్నెలు ఏర్పఱచుకొని, దీపము లేని వేళ సైతము తడుముకొనక తీసికొనుచుందురు. గ్రంథాలయమున పదివేల పుస్తకములు ఉన్నను, వానికి పట్టిక లేనిచో అవి చదువరికి లేనివానితో సమానము. బొమ్మల విషయమున ఈ చిక్కు ఇంకను పెద్దది. పుస్తకమునకు పేరు కలదు. పేరులను అకారాది క్రమమున అమర్చవచ్చును. ముఖములను ఏ క్రమమున అమర్చగలము? ఒక ముఖమును ఎదుట నిలుపుకొని, లక్ష ముఖముల నడుమ దాని జోడును వెదకుట ఎట్లు?

నేడు కంప్యూటరు ముందు కూర్చున్నవారు ఒక సంఖ్యను నొక్కగానే, లక్షల చిత్రములలో నుండి కావలసిన ఒక్క చిత్రము తెరమీదికి వచ్చుచున్నది. సమాచారమును వరుసలుగా కూర్చిన భాండారమునకు డేటాబేస్ అనియు, దానిని అడుగు ప్రశ్నకు క్వెరీ అనియు పేర్లు. ఇది నిన్న మొన్న పుట్టిన విద్య యని పలువురు తలంతురు. కాని కంప్యూటరు పుట్టుటకు చాల కాలము ముందే, చెక్క సొరుగులతోను అట్టముక్కలతోను ఈ పనిని సాధించిన ఫ్రెంచి గుమాస్తా ఒకడుండెను. ఆతని పేరు అల్ఫాన్స్ బెర్టిలాన్. ఆతని చరిత్రమున పట్టుదల కలదు, కీర్తి కలదు, ఒక నిరపరాధికి చేసిన పెద్ద కీడును కలదు. విద్యార్థులు ఈ మూడింటిని ఎఱుగుట మంచిదని తలంచి, ఏదియు దాచక ఈ వ్యాసమున చెప్పుచున్నాము.

బెర్టిలాన్ 1853వ సంవత్సరము ఏప్రిల్ నెలలో ఫ్రాన్సు దేశపు రాజధానియగు పారిస్ నగరమున జన్మించెను. తండ్రి లూయీ అడాల్ఫ్ బెర్టిలాన్ వైద్యుడు. జనసంఖ్యాశాస్త్రమునను మానవశాస్త్రమునను పేరొందినవాడు. మాతామహుడగు అషీల్ గియార్ జనసంఖ్యాశాస్త్రమునకు డెమోగ్రఫీ యను పేరును 1855లో వాడుకలోనికి తెచ్చినవాడు. అన్నయగు జాక్ బెర్టిలాన్ మరణకారణముల పట్టికను సిద్ధపఱచి, 1893లో అంతర్జాతీయ గణాంక సభకు సమర్పించెను. నేడు ప్రపంచమందలి వైద్యశాలలు వాడుచున్న వ్యాధుల వర్గీకరణమునకు మూలము ఆ పట్టికయే. విడివిడిగా పడియున్న సంగతులను తరగతులుగా విభజించి, లెక్కకు అందునట్లు చేయుట ఆ కుటుంబమునకు వంశవిద్య యని చెప్పవచ్చును.

ఇట్టి యింటిలో పుట్టియు అల్ఫాన్స్ చదువున రాణింపలేదు. పాఠశాలల నుండి పలుమాఱులు తొలగింపబడెను. మాటకారి కాడు, నలుగురితో కలియువాడు కాడు. బ్యాంకులో పనికి కుదిరి అచ్చటను నిలువలేకపోయెను. కొంతకాలము బ్రిటనుకు పోయి ఫ్రెంచి భాషను బోధించుచు పొట్టపోసికొనెను. తరువాత సైనిక సేవ ముగించుకొని యింటికి మరలి వచ్చెను. ఇరువదియాఱేండ్ల వయసు వచ్చినను స్థిరమైన జీవనోపాధి లేని కుమారుని చూచి తండ్రి చింతించి, తన పలుకుబడిని వినియోగించి 1879లో పారిస్ పోలీసు కార్యాలయమున చిన్న గుమాస్తా పని యిప్పించెను. గదిలో ఒక మూల కూర్చుండి, పట్టువడినవారి వర్ణనలను అట్టలమీదికి ఎత్తి వ్రాయుట ఆ పని.

ఆ కాలమున ఫ్రెంచి పోలీసువారికి ఒక పెద్ద చిక్కు ఉండెను. నేరస్థులకు ఇనుముతో కాల్చి వాతలు పెట్టు క్రూరమైన ఆచారమును ఫ్రాన్సు 1832లో రద్దు చేసెను. అది మంచి పనియే. కాని అటు పిమ్మట, ఒకమాఱు శిక్ష అనుభవించినవాడు రెండవమాఱు పట్టువడి వేఱొక పేరు చెప్పుకొన్నచో, ఆతనిని గుర్తించుటకు మార్గము లేకపోయెను. ఛాయాచిత్రకళ వ్యాపించిన పిమ్మట పోలీసువారు వేలకొలది చిత్రములు తీయించి దాచిరి. అవి పేరుల క్రమమున ఉండెను. పేరు అబద్ధమైనచో ఆ క్రమము వ్యర్థము. చిత్రము ఉన్నది, మనిషి ఉన్నాడు, ఈ రెండింటిని కలుపు త్రాడు లేదు. పైగా ఒక్కొక్క చిత్రము ఒక్కొక్క తీరున తీయబడినది. ఒకటి దగ్గఱ నుండి, ఒకటి దూరము నుండి, ఒకటి ప్రక్కకు తిరిగినది. మనిషి వంటి విషయమున పెద్దగా, సన్నగా, మామూలుగా అను మాటలు తప్ప అట్టలమీద వేఱు వర్ణన ఉండెడిది కాదు.

ఈ అర్థములేని మాటలను దినమెల్ల ఎత్తి వ్రాయుచున్న బెర్టిలానునకు విసుగు పుట్టెను. విసుగు సోమరిని నిద్రపుచ్చును, బుద్ధిమంతుని ఆలోచింపజేయును. ఇంటిలో చిన్ననాటి నుండి విన్న సంగతి ఆతనికి జ్ఞప్తికి వచ్చెను. యుక్తవయసు దాటిన పిమ్మట మనుష్యుని ఎముకల కొలతలు ఇంచుమించుగా మాఱవు. ఒక కొలత ఇద్దఱికి సరిపోవచ్చును గాని, అనేకములైన కొలతలన్నియు ఇద్దఱికి ఒక్కటిగా ఉండుట అరుదు. పేరు మార్చుకొనవచ్చును, గడ్డము పెంచుకొనవచ్చును. తల పొడవును మార్చుకొనుట ఎవరి తరము? కావున పేరునకు బదులు కొలతలనే చిరునామాగా చేసికొని చిత్రములను అమర్చవలెనని ఆతడు నిశ్చయించుకొనెను.

1879లోనే బెర్టిలాన్ తన పద్ధతిని వివరించుచు, ప్రిఫెక్టు అను పై యధికారియగు లూయీ ఆంద్రియోకు నివేదిక సమర్పించెను. వ్రాసినవాడు క్రొత్తగా చేరిన గుమాస్తా, అందలి విషయము గణితము, శైలి జటిలము. అధికారి దానిని త్రోసిపుచ్చెను. తోడి యుద్యోగులు నవ్విరి. బెర్టిలాన్ మూడేండ్లు ఓర్చుకొనెను. ఆంద్రియో వెడలిపోయి, జాన్ కమెకాస్ అను నాతడు ఆ పదవికి వచ్చిన పిమ్మట, 1882వ సంవత్సరము చివర ఆతనికి అవకాశము లభించెను. ఇద్దఱు సహాయకులను ఇచ్చి మూడు నెలల గడువు పెట్టిరి. ఆ గడువులోపల ఒక్క పాత నేరస్థుని ఐనను తన పద్ధతిచే గుర్తింపవలెను. గడువు చాల చిన్నది. ఒకడు పట్టువడి, కొలతలు ఇచ్చి, శిక్ష ముగించుకొని విడుదలై, మరల పట్టువడి, మాఱుపేరు చెప్పవలెను. ఇవన్నియు మూడు నెలలలో జరుగవలెను.

ఇక ఆ పద్ధతి నడచు తీరును వివరింతుము. ఇదియే మన వ్యాసమునకు ఆయువుపట్టు. పట్టువడిన ప్రతి మనిషికిని నిలువెత్తు, చాచిన చేతుల నిడివి, తల పొడవు, తల వెడల్పు, కుడి చెవి, ఎడమ పాదము, ఎడమచేతి నడిమి వ్రేలు, చిటికెన వ్రేలు, ముంజేయి మొదలగు పదునొకండు కొలతలు తీయుదురు. ప్రతి కొలతను చిన్నది, నడిమిది, పెద్దది అని మూడు తరగతులుగా విభజింతురు. ఈ హద్దులు ఊరక పెట్టినవి కావు. మూడు తరగతులలోను ఇంచుమించు సమానమైన సంఖ్య పడునట్లు లెక్కించి పెట్టినవి. అట్లు చేయనిచో ఒక సొరుగు నిండి పొరలును, వేఱొకటి ఖాళీగా నుండును.

విద్యార్థులు పలకమీద వేసికొని చూచుకొనుటకు ఒక లెక్క చెప్పుచున్నాము. 81,000 అట్టలు ఉన్నవనుకొందము. తల పొడవును బట్టి విభజింపగా మనము వెదకవలసినవి 27,000. తల వెడల్పును బట్టి 9,000. నడిమి వ్రేలిని బట్టి 3,000. పాదమును బట్టి 1,000. ముంజేతిని బట్టి సుమారు 333. నిలువెత్తును బట్టి 111. చిటికెన వ్రేలిని బట్టి 37. పిమ్మట కంటిపాప చుట్టునుండు రంగు. దానిని బెర్టిలాన్ ఏడు తరగతులుగా విభజించెను. 37ను ఏడుచే భాగింపగా మిగులునవి అయిదాఱు అట్టలు. ఆ అయిదాఱు చిత్రములను ఎదుటి మనిషి ముఖముతో పోల్చుట కొన్ని నిమిషముల పని. 81,000 చిత్రములను ఒక్కొక్కటిగా చూడవలసిన శ్రమ ఎనిమిది ప్రశ్నలతో తీరిపోయెను.

ఈ లెక్కలో రెండు మెలికలు కలవు. ఒకటి, కొలత సరిగా హద్దుమీద పడినచో, కొలుచువాని చేయి వెంట్రుకవాసి చలించినను అట్ట ప్రక్క సొరుగునకు పోవును; కావున అట్టి సందర్భమున రెండు సొరుగులను వెదకవలెను. రెండవది, పొడవైన మనిషికి చేతులును పొడవుగానే ఉండుట సహజము. కావున ఒక కొలతకును మఱియొక కొలతకును సంబంధము కలదు. ఈ రెండవ సంగతిని ఆంగ్ల పండితుడు ఫ్రాన్సిస్ గాల్టన్ ఎత్తి చూపెను. అన్ని సొరుగులును సమముగా నిండవని దీని భావము. ఐనను పేరుల క్రమముతో పోల్చినచో ఇది ఎన్నో మడుగులు మేలు.

గడువు ముగియవచ్చుచున్న 1883 ఫిబ్రవరిలో, డ్యూపాన్ అని పేరు చెప్పిన ఒకని కొలతలను బెర్టిలాన్ తీసి సొరుగులను వెదకెను. అవియే కొలతలతో మార్టిన్ అను పేరిట అంతకుముందు నమోదైన అట్ట చేతికి వచ్చెను. అట్టను ఎదుట పెట్టగా ఆ మనిషి ఒప్పుకొనెను. నవ్వినవారు మౌనము వహించిరి. 1884వ సంవత్సరమున ఈ పద్ధతిచే 241 మంది పాత నేరస్థులు గుర్తింపబడిరి. 1888లో ప్రత్యేకమైన గుర్తింపు శాఖను ఏర్పఱచి, బెర్టిలానును దానికి అధిపతిగా నియమించిరి. పాఠశాలల నుండి తొలగింపబడిన బాలుడు, ముప్పదియైదేండ్ల ప్రాయమున, లోకమంతయు చూడవచ్చు శాఖకు పెద్ద ఆయెను.

ఛాయాచిత్రముల విషయమున ఆతడు చేసిన సంస్కరణము నేటికిని నిలిచియున్నది. ప్రతి మనిషికిని రెండు చిత్రములు: ఒకటి ఎదురుగా, ఒకటి ప్రక్కనుండి. కూర్చుండు కుర్చీ ఒకే తీరు, కెమెరా దూరము ఒక్కటే, వెలుతురు ఒక్కటే, చిత్రము అసలు పరిమాణములో ఏడవ వంతు. అందఱి చిత్రములును ఒకే కట్టుబాటునకు లోబడిన పిమ్మటనే వానిని పోల్చుట సాధ్యమయ్యెను. ముక్కు, చెవి, నుదురు మొదలగు అవయవముల ఆకారములకు నిశ్చితమైన మాటలు ఏర్పఱచి, ముఖమును మాటలలోనికి మార్చు విద్యను గూడ కల్పించెను. దీనిచే చిత్రము లేని దూరపు ఊరికి సైతము తంతి మూలమున ఒక ముఖమును పంపవచ్చునాయెను.

అమెరికాలోని ఇల్లినాయి రాష్ట్రపు చెరసాలలో 1887లోనే ఈ పద్ధతి ప్రవేశించెను. 1892లో పారిస్ నగరమున బాంబులు పేల్చిన రావషోల్ పట్టువడగా, ఆతని కొలతలు మునుపు వేఱొక ఊరిలో కోనిగ్‌స్టెయిన్ అను పేరిట తీసిన కొలతలతో సరిపోవుటచే నిజస్వరూపము బయటపడెను. దీనితో బెర్టిలాన్ కీర్తి శిఖరమునకు ఎక్కెను. కీర్తి శిఖరమున నిలిచినవానికి కాలు జాఱుట సులభము.

1894లో ఫ్రెంచి సైన్యపు రహస్యములను జర్మనులకు అందించుచున్నట్లు తెలుపు ఒక చేవ్రాత కాగితము దొరకెను. ఆ నేరమును ఆల్ఫ్రెడ్ డ్రేఫస్ అను సైనికాధికారిపై మోపిరి. డ్రేఫస్ యూదు మతస్థుడు. ఆ దేశమున అల్పసంఖ్యాకులలోని వాడు. చేవ్రాతను పరీక్షించుటకు బెర్టిలానును పిలిచిరి. కొలతల విద్య వేఱు, చేవ్రాతల విద్య వేఱు. రెండవదానియందు ఆతడు పండితుడు కాడు. ఐనను తనకు తెలియదని ఒప్పుకొనలేదు. ఆ వ్రాత డ్రేఫసుదే యనియు, పోలికలు లేని చోటులు ఆతడు తన వ్రాతనే మార్చి వ్రాసినవనియు చిత్రమైన వాదమును అల్లెను. పోలిక ఉన్నను డ్రేఫసే దోషి, లేకున్నను డ్రేఫసే దోషి. అట్టి వాదమునకు ఎవడు బదులు చెప్పగలడు?

డ్రేఫసునకు శిక్ష పడెను. 1895లో నలుగురి యెదుట ఆతని సైనిక చిహ్నములను ఊడబెఱికి, సముద్రముల ఆవలి దయ్యపు దీవికి పంపిరి. అసలు కాగితమును వ్రాసినవాడు ఎస్టర్‌హాజీ అను వేఱొక అధికారి యని తరువాత వెల్లడియైనను, 1899లో జరిగిన పునర్విచారణలో బెర్టిలాన్ తన మాటనే పట్టుకొని యుండెను. 1904లో పొయంకరే, దర్బూ, అపెల్ అను ముగ్గురు గణితవేత్తలు ఆతని లెక్కలను పరీక్షించి, వానికి శాస్త్రీయమైన ఆధారము లేదని తేల్చిరి. 1906లో ఉన్నత న్యాయస్థానము డ్రేఫసును నిర్దోషిగా ప్రకటించెను. నిరపరాధి జీవితములో పండ్రెండేండ్లు ఇట్లు దగ్ధమయ్యెను. తెలిసినదానిలో ఎంత గొప్పవాడైనను, తెలియనిదానిలో తెలియదనుటకు సాహసము కావలెను. బెర్టిలానునకు ఆ సాహసము లేకపోయెను.

ఇంతలో మన దేశమున వేఱొక విద్య తలయెత్తుచుండెను. వంగదేశపు పోలీసు శాఖకు అధిపతియైన ఎడ్వర్డ్ హెన్రీ మొదట బెర్టిలాన్ కొలతలనే వాడెను. కొలుచువారు మాఱినకొలది కొలతలును మాఱుచుండుట చూచి, వ్రేలిముద్రలవైపు మొగ్గెను. ముద్రలు చెడవు గాని, వేలకొలది ముద్రలను ఏ క్రమమున అమర్చుటయను పాత ప్రశ్న మరల ఎదురయ్యెను. దానిని విడదీయుటలో ఆజిజుల్ హక్, హేమచంద్ర బోసు అను ఇద్దఱు భారతీయ ఉద్యోగులు ముఖ్యులు. పది వ్రేళ్లలో ఏ వ్రేలియందు సుడి కలదో, ఏ వ్రేలియందు లేదో చూతురు. ఒక్కొక్క వ్రేలికి రెండే జవాబులు. రెండును పదిమాఱులు హెచ్చింపగా 1,024. కావున 32 వరుసలు, వరుసకు 32 గూళ్లు గల బీరువా చాలును. 1897లో కలకత్తాలో వ్రేలిముద్రల కార్యాలయము వెలసెను. ఆ వర్గీకరణము హెన్రీ పేరిట లోకమంతట వ్యాపించెను. హక్, బోసు పేర్లు చాల కాలము వెనుకనే ఉండిపోయెను. మన విద్యార్థులు ఆ రెండు పేర్లను గుర్తుంచుకొనవలెనని మా కోరిక.

బెర్టిలాన్ వ్రేలిముద్రలను పూర్తిగా కాదనలేదు. కుడిచేతి వ్రేళ్ల ముద్రలను తన అట్టలమీద చేర్పించెను. 1902లో పారిస్ నగరమున జరిగిన ఒక హత్యలో, అద్దముమీద నిలిచిన ముద్రలను తన దస్త్రములలోని ముద్రలతో పోల్చి, షెఫర్ అను హంతకుని ఆతడే గుర్తించెను. యూరపు ఖండమున ముద్రలచే హంతకుని పట్టిన తొలి సందర్భములలో ఇది యొకటి. ఐనను తన కొలతల పద్ధతిమీది మమకారముచే, ముద్రలను అట్టకు అలంకారముగా ఉంచెనే గాని, వెదకుటకు తాళపుచెవిగా చేసికొనలేదు.

దాని ఫలితము కొలది ఏండ్లలోనే కనబడెను. 1911 ఆగస్టులో లూవ్రు ప్రదర్శనశాల నుండి జగత్ప్రసిద్ధమైన మోనా లీసా చిత్రము మాయమయ్యెను. దొంగ విడిచిపోయిన అద్దముమీద వ్రేలిముద్ర దొరకెను. దొంగయగు విన్చెంజో పెరుజ్జా మునుపు పారిసులో పట్టువడినవాడే. ఆతని అట్ట పోలీసువారి సొరుగులలోనే ఉండెను. కాని ఆ సొరుగులు శరీరపు కొలతల క్రమమున ఉండెను. చేతిలో ఉన్నది ముద్ర. సొరుగు అడుగునది తల పొడవు. ప్రశ్న ఒక భాషలో, భాండారము వేఱొక భాషలో ఉన్నప్పుడు జవాబు రాదు. రెండేండ్ల పిమ్మట, 1913 డిసెంబరులో, దొంగ ఇటలీలో ఆ చిత్రమును అమ్మజూపి పట్టువడెను. వెదకినది ఇంటిలోనే ఉండియు దొరకకపోవుటకు ఇంతకుమించిన నిదర్శనము వేఱొకటి మాకు తోపదు.

మఱియొక సంగతిని గూడ చెప్పవలెను. నేరస్థుల కొఱకు పుట్టిన ఈ కొలతలను, 1912లో చేసిన శాసనముచే, ఏ నేరమును చేయని సంచారజాతులవారిపై ఫ్రెంచి ప్రభుత్వము ప్రయోగించెను. స్థిరనివాసము లేని ఆ ప్రజలు తమ కొలతలు, చిత్రములు, ముద్రలు గల పుస్తకమును వెంట ఉంచుకొని, పోయిన ఊరనెల్ల చూపవలసి వచ్చెను. 1969 వరకు ఆ నిర్బంధము సాగెను. దస్త్రము దీపము వంటిది. ఇంటికి వెలుగునిచ్చును, ఇంటిని కాల్చను గలదు. దానిని చేతబట్టినవాని బుద్ధిని బట్టి ఫలితముండును.

బెర్టిలాన్ 1914 ఫిబ్రవరి 13వ తేదీన మరణించెను. ఆతనితో కొలతల యుగము ఇంచుమించుగా ముగిసెను. లోకము వ్రేలిముద్రలకు మఱలెను. కాని ఆతడు చూపిన మూలసూత్రము చావలేదు. చిత్రమును చిత్రముగా వెదకరాదు. చిత్రమునకు చిరునామా కల్పించి, ఆ చిరునామాను వెదకవలెను.

నేటి కంప్యూటరు చేయుచున్నదియు ఇదియే. 1970లో ఎడ్గార్ కాడ్ అను పండితుడు సమాచారమును అడ్డువరుసలు, నిలువువరుసలు గల పట్టికలలో ఉంచి ప్రశ్నించు విధానమును ప్రతిపాదించెను. ఒక పాఠశాల విద్యార్థుల పట్టికను ఊహింపుడు. ఒక్కొక్క అడ్డువరుస ఒక విద్యార్థిది. అందు ప్రవేశసంఖ్య, పేరు, తరగతి, పుట్టిన తేదీ ఉండును. చివరి గడిలో ఆ విద్యార్థి చిత్రము దాచిన చోటు వ్రాయబడి యుండును. 214వ సంఖ్య గల వరుసను తెమ్మని క్వెరీ అడుగును. వరుస వచ్చును. కంప్యూటరులోని కార్యక్రమము చివరి గడిలోని చోటును చదివి, అచ్చటికి పోయి, చిత్రపు ఫైలును తెఱచి తెరమీద చూపును. కొందఱు చిత్రమునే పట్టికలో ఇమిడ్చి ఉంచుదురు. అప్పుడు చిత్రము తప్పిపోదు గాని పట్టిక బరువెక్కును. చోటును మాత్రమే వ్రాసినచో పట్టిక తేలికగా నుండును గాని, ఎవరైనను ఫైలును వేఱొకచోటికి జరిపినను, పేరు మార్చినను, వరుస ఉండును, బొమ్మ రాదు. తప్పు సొరుగున పడిన అట్ట వంటిదే ఇదియు.

ఈ సంగతి మనకు, అనగా అన్యభాషా ప్రాంతములలో స్థిరపడిన తెలుగువారికి, మఱింత దగ్గఱిది. ఆంధ్రమున ఇంటిపేరు ముందు వ్రాయుదురు. తమిళనాట తండ్రి పేరులోని మొదటి యక్షరమును ముందు చేర్తురు. మహారాష్ట్రమున తండ్రి పేరు నడుమను, ఇంటిపేరు చివరను వచ్చును. ఒకే బాలుని పేరు ఒక కాగితమున ఒక తీరునను, మఱియొక కాగితమున వేఱొక తీరునను నమోదగుచున్నది. మనుష్యుడు చూచినచో ఇద్దఱును ఒకరే యని గ్రహించును. యంత్రము ఒక్క యక్షరము మాఱినను ఎఱుగననును. మా యెఱుకలోని ఒక బాలికకు ఇట్లే జరిగెను. విద్యార్థి వేతనమునకు పోగా, ఆమె పేరు నొక్కినంత కంప్యూటరులో వరుసయు రాలేదు, చిత్రమును రాలేదు. అట్టి విద్యార్థినియే లేదని చెప్పి పంపివేసిరి. తల్లి కన్నీరు పెట్టుకొనెను. గడువు చివరి దినమున ప్రవేశసంఖ్యతో వెదకింపగా, ఆ బాలిక ముఖము చక్కగా తెరమీద నవ్వుచు కనబడెను. ఇంటిపేరు ఒకచోట ముందును, ఒకచోట వెనుకను ఉండుటయే ఆ చిక్కునకు కారణము.

కావున తల్లిదండ్రులకు మా మనవి యిది. పిల్లల పేరును అన్ని కాగితములలోను ఒకే తీరున, ఒకే యక్షరములతో వ్రాయింపుడు. ప్రవేశసంఖ్యను ఇంటిలో వ్రాసి దాచుకొనుడు. పేరులు కలియవచ్చును, సంఖ్య కలియదు.

విద్యార్థులకు ఒక పని ఒప్పగించుచున్నాము. మన యిండ్లలో ట్రంకుపెట్టెల అడుగున పాత ఛాయాచిత్రములు కలవు. తలపాగాలతో నిలుచున్న పెద్దలు, వారి యెదుట కూర్చున్న పిల్లలు. వారెవరో మీ అవ్వకు, తాతకు తెలియును, మీకు తెలియదు. వారి పిమ్మట ఎవరికిని తెలియదు. చిత్రము ఉండును, చిరునామా పోవును. ఈ సెలవులలో ఆ చిత్రములను బయటికి తీసి, పెద్దల ప్రక్కన కూర్చుండి, ఒక్కొక్క చిత్రమునకు ఒక సంఖ్య యిచ్చి, ఒక నోటుపుస్తకమున ఆ సంఖ్య కెదురుగా అందలివారి పేర్లు, ఊరు, సంవత్సరము తెలుగులో వ్రాయుడు. ఏ యూరి నుండి మన వారు ఈ సీమకు వచ్చిరో ఆ వరుసలే చెప్పును. పెద్దలకు తెలియనిచోట గడిని ఖాళీగా విడువుడు, ఊహించి నింపకుడు. బెర్టిలాన్ విజయమును, పొరపాటును రెండును మనకు నేర్పునది ఇదియే.